నీళ్ల మీద రాత్రిపూట లైటు కాదు సామీ, స్పీడు

సముద్రం మొహం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన కర్నూల్లో ఉండి, నడి సముద్రంలో చీకట్లో తేలే దుంగల గురించి రాస్తాండావేందప్పా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు. నాది నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఒక రిపేరు షెడ్డు, ఎక్కువగా వచ్చేవి పంపుసెట్లు, జనరేటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు. శ్రీశైలం బ్యాక్‌వాటర్ నిండినాక మాత్రం బోటు ఇంజన్లు మొదలవుతాయి, సంగమేశ్వరం, సిద్ధేశ్వరం, నెహ్రూనగర్ వైపు నుంచి ఆటోల్లో ఏసుకొని తెస్తారు (ఆ ఊర్లన్నీ 2022లో నంద్యాల జిల్లాలోకి పోయినాయి, మా నోట్లో మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే). నీళ్లలో తిరిగి బోటుని తోసే ఫ్యాన్ రెక్క విరిగింటాది, లేదంటే షాఫ్ట్ వంగింటాది, మరీ గట్టి దెబ్బయితే గేర్ కేసు పగిలి లోపల ఆయిల్‌కి బదులు బురదనీళ్లు ఉంటాయి. ఎట్ల జరిగిందని అడిగితే అందరిదీ ఒకటే మాట, "రాత్రి ఏదో తగిలిందన్నా, ఏం తగిలిందో కనపల్లేదు". దాని వెనకాలే ఇంకో మాట, "ఈసారి పెద్ద లైటు పెట్టిస్తా".

ఆ రెండో మాట మీదే నా గొడవంతా.

ఇప్పుడు జీపులకీ ట్రాక్టర్లకీ పెట్టుకుంటారే పొడుగు ఎల్ఈడీ బార్లు, అవి బోట్లకి కూడా వచ్చేసినాయి. ముక్కు మీద ఒకటి బిగించి, బ్యాటరీ తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకొని, ఇంక మనకేం భయం అని ఫుల్ రేజ్ ఇచ్చి పోతాండారు. నేననేది ఏందంటే, ఆ లైటు లేనప్పుడు వాళ్లు భయపడి నిదానంగా పోయేవాళ్లు, ఆ భయమే వాళ్లని కాపాడేది. లైటు వచ్చి భయాన్ని తీసేసింది గానీ దుంగని తీసేయలేదు.

మా షెడ్డుకి వచ్చేవాళ్లలో అసలైన సముద్రం మనుషులు కూడా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మత్స్యకారులు కుటుంబాలతో సహా వచ్చి బ్యాక్‌వాటర్ ఒడ్డున గుడిసెలు ఏసుకొని చేపలు పడతారు, మన లోకల్ వాళ్లకీ వాళ్లకీ అలివి వలల (పిల్ల చేపని కూడా వదలకుండా ఊడ్చే సన్న కన్నుల వలలు) మీద పంచాయితీలు కూడా నడుస్తాంటాయి, ఆ కథ వేరే. వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఇంజన్ రిపేరు అయ్యేదాకా స్టూలు మీద కూర్చొని బీడీ కాలుస్తా కబుర్లు చెప్తాడు. ఆయన ఒకసారి అన్నాడు, "సంద్రంలో మాకు అలంటే బయిం నేదు బాబూ, అల కనిపిస్తాది, ఇనిపిస్తాది. దుంగే... అది కనపడదు, ఇనపడదు, తగిల్నాకే తెలుస్తాది." ఆయన ఒక్కసారి కూడా లైటు గురించి మాట్లాడలేదు. రాత్రి వేట గురించి ఎప్పుడు చెప్పినా ఎంత నిదానంగా పోవాల, ముందు ఎవరు కూర్చోవాల, ఎప్పుడు ఇంజన్ ఆపి చెవి పెట్టి వినాల, ఇవే.

సముద్రంలో అసలు ఏం తేల్తాయి అంటారేమో, ఏం తేలవో చెప్పడం సులభం. తుఫాను వచ్చిపోయినా, గోదావరికి కృష్ణకి వరదలొచ్చినా చెట్లకి చెట్లే వేర్లతో సహా సముద్రంలోకి పోతాయి. తెగిపోయిన వలలు, లంగరు తాళ్లు, థర్మోకోల్ ముక్కలు, డ్రమ్ములు సరే సరి. వల ముక్క పడవకి బొక్క పెట్టదు గానీ ఫ్యాన్‌కి చుట్టుకుంటే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతాది, అల మీద ఇంజన్ ఆగిన పడవ అడ్డం తిరుగుతాది, అడ్డం తిరిగిన పడవని తిరగేయడానికి ఇంకో రెండు అలలు చాలు. ఇంక కంటైనర్ల సంగతి. ఓడల మీద అట్టపెట్టెల మాదిరి పేర్చుకొని పోతారే, ఆ ఇనుప డబ్బాలు గాలివానకి జారి నీళ్లలో పడతాయి. వరల్డ్ షిప్పింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం 2023లో 221, 2024లో 576 పడిపోయినాయి. కోట్లలో రవాణా అయ్యే కంటైనర్లతో పోలిస్తే ఇదేం లెక్క కాదు, నిజమే, కానీ చీకట్లో నీ పడవ ముందు ఉండేది ఒక్కటైతే చాలు కదా. చాలా కంటైనర్లు నీళ్లు ఎక్కి మునిగిపోతాయి, కొన్ని మాత్రం లోపలి సరుకుని బట్టి రోజుల తరబడి తేల్తానే ఉంటాయి. ముఖ్యంగా చల్లగా ఉంచే కంటైనర్లకి గోడల్లో ఫోమ్ ఉంటాది కాబట్టి అవి తొందరగా మునగవు. పైకి కనిపించేది ఒక మూలో ఒక అంచో, మిగతా ఇనుమంతా నీళ్ల కిందే.

మొన్న 2025 మే 25న కేరళ పక్కన ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగింది గుర్తుందా, దాంట్లో 640 కంటైనర్లు, అందులో 13 ప్రమాదకరమైన సరుకువి. కొన్ని కొల్లం, అలప్పుళ ఒడ్డుకి కొట్టుకొచ్చినాయి, టీవీల్లో అందరం చూసినాం. ఓడ మునిగిన చోటికి 20 నాటికల్ మైళ్ల లోపు పోవద్దని మత్స్యకారులకి చెప్పినారు. అంటే చూడండి, అంత పెద్ద ప్రభుత్వం, కోస్ట్‌గార్డు, విమానాలు అన్నీ ఉండి కూడా చెప్పగలిగింది "అటు పోవద్దు" అనే, "లైటు వేసుకొని పోండి" అని కాదు.

ఇంకోటి చెప్తా. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చింది కదా, అప్పుడు సముద్రంలోకి కొట్టుకుపోయిన చెత్త 50 లక్షల టన్నులని, అందులో తేలుతా మిగిలింది 15 లక్షల టన్నులని ఆ దేశ ప్రభుత్వమే అంచనా కట్టింది. మిసావా అనే ఊరి రేవులో పడవలు కట్టేసుకునే 66 అడుగుల ప్లాట్‌ఫారం ఒకటి ఊడిపోయి, పసిఫిక్ మహాసముద్రం మొత్తం దాటి 2012 జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్ ఒడ్డుకి తేలింది. పదిహేను నెలలు, 66 అడుగుల కాంక్రీటు ముద్ద, దాని మీద ఒక్క దీపం లేకుండా ఓడలు తిరిగే సముద్రంలో రాత్రీ పగలూ తిరిగింది. ఇది చదివినప్పటి నుంచి నాకు సముద్రం మీద రాత్రి ప్రయాణం అనే మాట వింటేనే ఒక రకంగా ఉంటాది.

దుంగ కథ వేరేగా చెప్పాల, ఎందుకంటే అందరూ అనుకునేది దుంగ అంటే నీళ్ల మీద అడ్డంగా పడుకొని తేల్తాదని. కొత్తల్లో అంతే. నెలల తరబడి నీళ్లలో నానే కొద్దీ బరువెక్కుతాది, వేరు వైపు మందంగా ఉంటాది కాబట్టి ఆ వైపు ముందు దిగుతాది, చివరికి నిట్టనిలువుగా నిలబడి పైకొస ఒక్కటే జానెడు పైకి ఉంటాది, ఒక్కోసారి ఆ జానెడు కూడా ఉండదు. అల వచ్చినప్పుడు పైకి లేస్తాది, అల పోతే లోపలికి దిగుతాది. తడిసిన చెక్క రంగు, రాత్రి నీళ్ల రంగు రెండూ ఒకటే. అడ్డంగా ఉన్న దుంగకి తగిలితే పడవ దాని మీదకి జారో పక్కకి తోసేసో పోయే అవకాశం ఉంది. నిలువుగా ఉన్నదానికి తగిలితే కిందనున్న బరువంతా ఎదురు నిలుస్తాది, అప్పుడు జరిగేది పొడవడమే.

ఇంక మన బ్యాక్‌వాటర్‌కి వస్తా. సముద్రంలో వస్తువు కదుల్తాది. ఇక్కడ వస్తువు కదలదు, నీళ్లు కదుల్తాయి. శ్రీశైలం నిండితే 885 అడుగులు, దిగుతా దిగుతా 840 దగ్గరికి వస్తే సంగమేశ్వరం గుడి బయటపడుతాది. ఈ మధ్యలో ఉన్న నలభై ఐదు అడుగుల నేల ప్రతి ఏడాదీ మునుగుతాది, తేల్తాది. తేలినప్పుడు ఆ ఒండ్రు మట్టిలో జనం పంటలు వేస్తారు, కంపచెట్లు మొలుస్తాయి, మునిగిపోయిన ఊర్ల రాతిగోడలు, ఎండిపోయిన పాత మోడులు ఎట్లున్నవి అట్లనే ఉంటాయి. మళ్లీ నీళ్లొస్తే అన్నీ లోపలికి. ఒక్కో మోడుకి ఒక్కో వారం ఉంటాది, ఆ వారంలో దాని తల సరిగ్గా నీటి కింద అడుగు లోతులో ఉంటాది, బోటు ఫ్యాన్ ఉండే లోతు కూడా అదే. పోయిన వారం బాగా పోయినాం కదా, ఇదే దోవ కదా అనుకుంటే అయిపోయినట్టే, మోడు అక్కడే ఉంది, నువ్వు దాని మీదకి దిగినావు అంతే.

వరద టైములో ఇవి చాలవని తేలేవి కూడా తోడవుతాయి. 2009 అక్టోబర్‌లో కర్నూల్లో ఉన్నోళ్లకి ఏం తేల్తాయో ఒకరు చెప్పాల్సిన పని లేదు. గ్యాస్ సిలిండర్లు, బీరువాలు, ఫ్రిజ్జులు, తలుపులు, చచ్చిపోయిన ఎనుములు, అన్నీ ఒకే నీళ్లలో మన వీధిలో పోయినాయి. అదంతా యాడికి పోయింది? తుంగభద్ర తీసుకుపోయి కృష్ణలో కలిపింది, అక్కడి నుంచి బ్యాక్‌వాటర్‌లోకే. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో లంగరు తెగిన పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని (గేటు బరువుకి సమంగా పెట్టే కాంక్రీటు దిమ్మెలు) పగలగొట్టినాయి, వాటిని బయటికి తీయడానికి వారాలు పట్టింది. దాని చుట్టూ రాజకీయం ఎంత జరిగిందో వదిలేయండి. బ్యారేజీ కాంక్రీటునే విరగ్గొట్టిన బరువు చీకట్లో ఒక ఫైబర్ బోటుకి ఎదురొస్తే ఏమైతాదో ఆలోచించండి చాలు.

సరే, లైటుకి వద్దాం. లైటు ఎందుకు పనికిరాదు అంటాండా?

చిన్న బోటులో కూర్చున్నోడి కన్ను నీటి మీద మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాది, లైటు ఇంకా కిందే. అంత తక్కువ ఎత్తు నుంచి వేసిన వెలుగు నీటికి తగిలి ముందుకే జారిపోతాది, వెనక్కి కంటికి రాదు, అందుకే ఎంత లైటు వేసినా నీళ్లు నల్లగానే కనపడతాయి. తిరిగి రావాల్సింది నీళ్ల పైన నిలబడిన వస్తువు మీద నుంచి, అది జానెడు కూడా లేదాయె. కానీ మంచు తుంపర, బోటు ముక్కు నుంచి ఎగిరే నీళ్లు, లైటుకి మూగే పురుగులు, తెల్ల పెయింటు వేసిన బోటు అంచు, ఇవన్నీ మాత్రం వెలుగుని నేరుగా మన కంట్లోకి కొడతాయి. డిసెంబర్ జనవరిలో తెల్లవారుజామున నల్లమల వైపు నుంచి మంచు దిగినప్పుడు ఆ ఎల్ఈడీ బార్ వేసి చూడండి, ముందర తెల్ల దుప్పటి కట్టినట్టు ఉంటాది.

దీనికంటే పెద్ద నష్టం కంటికి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతాది, యాభై దాటినోళ్లకి ఇంకా ఎక్కువ. అంత సేపు కష్టపడి సంపాదించిన చూపు ఒక్క ఫోన్ స్క్రీన్ వెలుగుకి పోతాది, మళ్లీ మొదటి నుంచి. లైటు బార్ వేసినోడి కన్ను ఎప్పటికీ చీకటికి అలవాటు పడదు కాబట్టి ఆ లైటు పడిన చోటు తప్ప ఎడమా కుడీ వాడికి ఏమీ కనపడదు, వాడు గుడ్డోడే. అదే లైటు లేకుండా పోయేవాడికి చుక్కల వెలుగులో కూడా నీటి మెరుపు తెలుస్తాది, ఆ మెరుపులో నల్లటి గుర్తు ఉంటే అదేందో ఉందని తెలుస్తాది. వెన్నెల ఉంటే ఇంకా నయం, చంద్రుడి వైపు నీటి మీద పరుచుకున్న మెరుపు తెగిందంటే అక్కడ ఏదో ఉన్నట్టే. ఇంకో చిన్న కిటుకు, చీకట్లో దేన్నైనా సూటిగా చూస్తే మాయమవుతాది, కొంచెం పక్కకి చూస్తే కనపడుతాది, ఎందుకంటే కంటి నడిమధ్యలో చీకట్లో పనిచేసే కణాలు ఉండవు. ఆ శ్రీకాకుళం పెద్దాయన ఈ కణాల సంగతి చదివి నేర్చుకోలేదు గానీ, చూసేటప్పుడు తల కొంచెం వంకరగా పెట్టి చూస్తాడు.

ఇదంతా మెకానిక్ పైత్యం అనుకునేవాళ్ల కోసం రూలు కూడా చెప్తా. సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా 1972లో రాసుకున్న అంతర్జాతీయ నిబంధనలు ఉన్నాయి, మన దేశం కూడా ఒప్పుకున్నవే. అందులో ఐదో రూలు, ఎప్పుడూ కంటితో చెవితో కాపలా కాయాలని. ఆరో రూలు, ఎప్పుడూ ఆపగలిగే స్పీడులోనే పోవాలని. ఆ ఆరో రూల్లో స్పీడు నిర్ణయించుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలో రాస్తా, రాత్రి పూట ఒడ్డు మీది దీపాలతో పాటు మన సొంత లైట్ల వెలుగు తిరిగి మన మీదకే రావడం కూడా చూసుకోమన్నారు. చిన్న పడవలు, మంచు గడ్డలు, తేలే వస్తువులు రాడార్‌కి తగినంత దూరంలో దొరక్కపోవచ్చని కూడా అందులోనే ఉంది. అంటే యాభై ఏళ్ల కిందట దేశదేశాల వాళ్లు కూర్చొని రాసుకున్న కాగితంలోనే నా వాదన మొత్తం ఉంది, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

ఇప్పుడు స్పీడు లెక్క. మంచి ఇంజన్ ఉన్న ఫైబర్ బోటు 20 నాట్లు పోతాది అనుకుందాం, అంటే గంటకి 37 కిలోమీటర్లు, సెకనుకి పది మీటర్లకి పైనే. నీ లైటు పుణ్యమా అని దుంగ 40 మీటర్ల దూరంలో కనపడింది అనుకుందాం, అది కూడా దయ తలిచి ఇస్తాండా. నీకున్నది నాలుగు సెకన్లు. అందులో అదేందో అర్థం కావడానికి ఒకటి ఒకటిన్నర, చెయ్యి కదలడానికి అర, మిగిలిన రెండు సెకన్లలో బోటు తిరగాల, బోటుకి బ్రేకు లేదు. అదే 6 నాట్లలో పోతే సెకనుకి మూడు మీటర్లు, నీకు పదమూడు సెకన్లు ఉంటాయి, అరిచి చెప్పి పక్కకి తిప్పి ఇంజన్ ఆపడానికి సరిపోతాది. ఒకవేళ అప్పుడు కూడా తగిలిందే అనుకో, దెబ్బ బలం స్పీడుకి వర్గంలో పెరుగుతాది కాబట్టి 20 నాట్లలో తగిలే దెబ్బ 6 నాట్లలో దానికి పదకొండు రెట్లు. ఒకటేమో బోటుకి గీత పడుతాది, ఇంకొకటేమో ఇంజన్ నా షెడ్డుకి వస్తాది, బోటు రాదు.

ఇది చెప్తే మా బావమరిది ఒప్పుకోడు. వాడికి సిద్ధేశ్వరం వైపు ఒక బోటుంది, బైకులని మనుషులని అవతల సోమశిల ఒడ్డుకి దాటిస్తాడు. "బావా, హైవే మీద నువ్వు రాత్రి ఎనభైలో పోవా, లైటు వేసుకునే కదా" అంటాడు. పోతా రా, కానీ మన బెంగళూరు హైవే మీద వెనక రిఫ్లెక్టర్ లేకుండా నిలబెట్టిన పత్తి ట్రాక్టర్‌ని గుద్ది ఎంతమంది పోయినారో నీకూ తెలుసు, అక్కడ కనీసం ట్రాక్టర్ మనిషంత ఎత్తు ఉంటాది, రోడ్డుకి తెల్లగీత ఉంటాది, కాలి కింద బ్రేకు ఉంటాది. ఈ మూడూ నీ బోటు ముందర లేవు. దానికి వాడు "నిదానంగా పోతే రాత్రికి ఒక ట్రిప్పు తగ్గుతాది" అన్నాడు. ఇది మాత్రం నిజమైన అభ్యంతరం, దీన్ని నేను కొట్టిపారేయను. చేపల వాళ్లకైతే ఇంకా ఎక్కువ, పొద్దుమునిగే వేళకి వేసిన వల తెల్లారకముందే తీసి మార్కెట్‌కి చేర్చకపోతే రేటు పడిపోతాది, కాబట్టి రాత్రి నీళ్ల మీద పోవద్దు అని ఇంట్లో కూర్చొని చెప్పడం సులభమే. అందుకే నేను పోవద్దు అనను. మనుషులని ఎక్కించుకొని చీకట్లో దాటించడం మాత్రం ఆపేయాల్సిందే, దాంట్లో ట్రిప్పుల లెక్క నేను వినను, 2007 జనవరిలో నెహ్రూనగర్‌కీ మంచాలకట్టకీ మధ్య పడవ మునిగి అరవై మందికి పైగా పోయిన నీళ్లు ఇవి. అది ఎక్కువ మందిని ఎక్కించుకోవడం వల్ల జరిగింది, దుంగ వల్ల కాదు. కానీ నిండు బోటుకి చీకట్లో దుంగ తగిలితే, అందరూ ఒక పక్కకి లేస్తే, ఫలితంలో తేడా ఏముంటాది. చేపల వాళ్లు పోవాల, నిదానంగా పోవాల, అరగంట ముందు బయల్దేరాల. నిదానంగా పోతే పెట్రోలు కూడా మిగుల్తాది, ఆ లెక్క ఎవరూ చెయ్యరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిదానం అంటే సగం రేజ్ అనుకుంటారు కొందరు. సగం రేజ్‌లో బోటు వెనక కూర్చుండిపోయి ముక్కు పైకి లేస్తాది, నడిపేవాడికి ముందర నీళ్లే కనపడవు, అది అన్నిటికంటే చెడ్డ స్పీడు. ముక్కు నీటికి సమంగా ఉండేంత తగ్గించాల. ముందర ఒక మనిషి కూర్చోవాల, వాడికి వేరే పని ఉండకూడదు, ఫోన్ అసలు ఉండకూడదు. అప్పుడప్పుడు ఇంజన్ ఆపి వినాల, దుంగకి చిన్న అల కొట్టుకునే చప్పుడు, గుర్రపుడెక్క తెప్ప రాసుకునే చప్పుడు ఇంజన్ మోతలో ఎట్ల వినపడతాయి?

రాడార్, వేడిని పట్టే కెమెరా అని యూట్యూబ్ చూసి అడిగేవాళ్లు కూడా వస్తాండారు. రాడార్‌కి ఇనుము బాగా దొరుకుతాది, తడిసిన చెక్క సరిగ్గా దొరకదు, అల లేచిందంటే అలలే స్క్రీన్ నిండా చుక్కలు. కెమెరా మంచిదే, నీళ్లకీ దుంగకీ వేడిలో తేడా ఉంటే చూపిస్తాది. రాత్రంతా నీళ్లలో నానిన దుంగకి నీళ్లకి తేడా ఎంత ఉంటాదో మీరే చెప్పండి. డబ్బులుంటే కొనుక్కోండి, స్పీడు తగ్గించడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

ఇంజన్ మీద ఎర్రటి చుట్టల తాడు ఒకటి ఉంటాది, పాత టెలిఫోన్ రిసీవర్ తాడు మాదిరి మెలికలు మెలికలుగా. ఒక కొన ఇంజన్ స్విచ్ కింద క్లిప్పుకి, ఇంకో కొన నడిపేవాడి చేతికో నడుముకో తగిలించుకోవాల. దుంగ తగిలి మనిషి ఎగిరి నీళ్లలో పడితే క్లిప్పు ఊడొచ్చి ఇంజన్ ఆగిపోతాది. ఇది లేకపోతే నడిపేవాడు లేని బోటు హ్యాండిల్ ఒక పక్కకి తిరిగి గుండ్రంగా తిరుగుతానే ఉంటాది, నీళ్లలో పడినోడి మీదకే ఫ్యాన్ మళ్లీ మళ్లీ వస్తాది. నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో ఎక్కువ వాటికి ఈ తాడు ఎట్లుంటాదంటే, క్లిప్పు స్విచ్ కింద పెట్టి టంగూసు దారంతో నాలుగు చుట్లు చుట్టి ముడేసి పైన ఇన్సులేషన్ టేపు అంటించింటారు, ఊడిపోకుండా. ఊడిపోవడమే దాని పని రా అయ్యా! ఎర్ర తాడు మిగతా భాగం కోసేసి సంచి మూతికి కట్టుకున్నోడిని కూడా చూసినా. ఐదు వేలు పెట్టి లైటు కొనేవాడు ఉన్న తాడుని చేతికి తగిలించుకోడు, ఎందుకంటే లైటు పక్క బోటు వాళ్లకి కనపడుతాది, తాడు కనపడదు.

తగిలినాక ఏం చెయ్యాలో కూడా ముందే తెలిసుండాల. వెంటనే ఇంజన్ ఆపడం, అందరినీ కూర్చోబెట్టడం, కాళ్ల కింద నీళ్లు వస్తాండాయా అని చేత్తో తడిమి చూడడం. కొమ్మ గుచ్చుకొని బొక్కలోనే ఉండిపోతే దాన్ని పీకొద్దు, అదే బిరడా. ఊడిపోయింటే దుప్పటో, చొక్కానో, గోనెసంచో కుక్కి, వీలైతే బరువంతా అవతలి పక్కకి జరిపి ఆ బొక్క నీటి పైకి లేచేట్టు చూడాల. కొత్తగా బోటు చేయించుకునేవాళ్లు ముక్కు భాగాన్ని వేరే అరగా కట్టించి మూసేయమనాల, లేదంటే ఫోమ్ నింపించాల, అప్పుడు ముక్కు పగిలినా నీళ్లు ఆ అరలోనే ఆగుతాయి. పెద్ద ఓడలన్నిటికీ ముందర ఈ గోడ ఉంటాది. మన దగ్గర మాత్రం ఆ అరలో లైఫ్ జాకెట్లు మూటగట్టి పెడతారు, ఒంటి మీద ఉండాల్సినవి.

ఇంక మనమే వదిలే చెత్త. వలలకి కట్టే థర్మోకోల్ బెండ్లు రాత్రి ఎవరికీ కనపడవు, వాటి తాళ్లు ఫ్యాన్‌కి చుట్టుకొని నా దగ్గరికి వచ్చేవి దుంగల కేసులకి ఏమాత్రం తక్కువ కాదు. వల చివర చిన్న మినుకుమినుకు లైటు కడితే సరిపోతాది, లైటు ఉండాల్సింది అక్కడ, బోటు ముక్కు మీద కాదు. గుడి బయటపడిన ఏడాది శివరాత్రికి పందిర్లు వేస్తారు, దుకాణాలు పెడతారు, అయిపోయినాక వెదుర్లు, సర్వీ కట్టెలు పాతినవి పాతినట్టే వదిలేసి పోతారు. నీళ్లొచ్చినాక అవి ఏమైతాయో ఎవరికీ పట్టదు.

వీటిల్లో అన్నిటికంటే అగ్గువగా అయ్యే పని ఎండాకాలంలోనే ఉంది. నీళ్లు దిగినప్పుడు మోడులన్నీ కళ్లెదురుగా నిలబడి ఉంటాయి, బోట్లు తిరిగే దోవ పొడుగునా నడుచుకుంటా పోవచ్చు. ఆ దోవలో ఉన్నవి కోసేయడానికి రంపం మిషన్ ఒకటి, నలుగురు మనుషులు, కొన్ని రోజులు. ఇరిగేషన్ వాళ్లో పంచాయతీ వాళ్లో చేస్తే సంతోషం, చెయ్యకపోతే బోటు వాళ్లే తలా కొంత వేసుకొని చేయించుకోవచ్చు, ఒక్క గేర్ కేసు రేటు కాదు. కోయలేని రాతిగోడలు, పెద్ద మోడుల దగ్గర నిలబడి ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోమని, ఎత్తు సుమారుగా రాసుకోమని మా బావమరిదికి చెప్పినా. దీనికి మాత్రం వాడు ఎదురు చెప్పలేదు, ఇంకో ఇద్దరు పిల్లోళ్లని తీసుకొని పోయి పెట్టుకొచ్చినాడు, ఇప్పుడు డ్యామ్ లెవెల్ చూసుకొని ఈ వారం ఏ మోడు డేంజరో చెప్పగలుగుతాండాడు. కొట్టుకొచ్చే దుంగకి ఆ మ్యాప్ పనికిరాదు, నిలబడిన దానికే. రాత్రి పూట ఆ మ్యాప్ చూడాల్సి వస్తే బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి, ఒక కన్ను మూసుకొని చూడండి, మూసిన కంటికి చీకటి చూపు పోకుండా మిగుల్తాది.